మూడు కార్డులు, ఒక్క అల్మారా

వికారాబాద్,
9 ఫిబ్రవరి 1975

తమ్ముడు యూసుఫ్‌కు,

బరువు యాభై నాలుగున్నర. దగ్గు లేదు. నీది రాయి.

ఆరేళ్ల కింద పదకొండో నంబరు మంచం మీద నేను, పన్నెండో నంబరు మీద నువ్వు పడి ఉన్నప్పుడు, పొద్దున్నే నర్సమ్మ కంటే ముందు మనమే ఒకరి బరువు ఒకరం అడుక్కునేవాళ్లం. ఇప్పటికీ ఉత్తరం ఆ మాటతో మొదలుపెట్టకపోతే నాకు చెయ్యి సాగదు. "మీ ఇద్దరికి గా తూకం పిచ్చి పోదా" అని పద్మమ్మ నవ్వుతుంది. పెళ్లాం నవ్వినా సరే, నేను మానను.

సంగతి ఏమిటంటే, డాక్టరమ్మ చనిపోయి మూడు నెలలు దాటింది కదా, మన క్షయ నివారణ సంఘానికి కొత్త సెక్రటరీగా మహేందర్ గారు వచ్చారు. చదువుకున్నవాడు, మంచివాడే, తొందర ఎక్కువ. పోయిన నెల తనిఖీకి వచ్చినవాళ్లు క్షయ రోగుల కార్డులు ఇక్కడివి, మీ శాఖవి పక్కపక్కన పెట్టి చూశారు. పందొమ్మిదింటిలో తేడా తేలింది. ఇక్కడ ఒక తారీఖు ఉంటే అక్కడ ఇంకో తారీఖు. సెక్రటరీ గారికి తల కొట్టేసినట్టయింది.

నిన్న నన్ను పిలిచి ఆర్డరు చేతిలో పెట్టారు. ఇకనుంచి రోగి దగ్గరుండే కార్డు, తాండూరులో నీ దగ్గరుండే కార్డు, ఇక్కడి కార్డు, మూడూ వికారాబాద్‌లో ఒకే అల్మారాలో ఉండాలి. మందు మారినప్పుడల్లా నేనే మూడింటి మీదా రాస్తాను. ఒకే చెయ్యి, ఒకే సిరా. ఇక తేడా ఎక్కడి నుంచి వస్తుంది?

డాక్టరమ్మ మాట గుర్తుకొచ్చింది. "ఒక మనిషివి మూడు కార్డులు ఒక్క కప్పు కింద పడుకోవద్దు పాండురంగం" అనేది. రెండు కార్డులు కొట్లాడుకుంటే మూడోది పంచాయితీ చెప్తుంది అని కూడా అనేది. ఆ మాటే సెక్రటరీ గారితో అన్నాను. ఆయన నవ్వి, "మూడూ ఒక్కతాన ఉంటే కొట్లాటే ఉండదు కద" అన్నారు. నాకూ నిజమే అనిపించింది.

నీ శాఖలోవి, రోగుల దగ్గరివి అన్నీ వసూలు చేసి ట్రంకులో పెట్టి పాసింజరు బండికి వేయి. ఆర్డరులో ఒక ముక్క గట్టిగా ఉంది. కార్డు ఇవ్వని రోగికి మందు లేదు.

నీ అన్న
పాండురంగం


తాండూరు,
1 మార్చి 1975

పాండన్నకు సలాం.

బరువు యాభై మూడు. దగ్గు లేదు. ఈ ఊళ్లో బండలు కోసే మిషన్ల పుణ్యమా అని రోజూ కాస్త రాతిపొడి మింగుతున్నాను, నా బరువులోంచి అది తీసేసి లెక్క వేసుకో.

మూడు వారాలు తిరిగాను. కొడంగల్, దోమ, బంట్వారం, వాటి చుట్టూ ఊళ్లు. నేను ఇంత చెడ్డవాణ్ణి ఎన్నడూ కాలేదు. ఒకరు కార్డును దేవుడి పటం వెనక పెట్టుకున్నారు, ఒకరు కొడుకు పలకకు అట్ట వేసినట్టు గుడ్డ కుట్టి దాచుకున్నారు. దోమలో ఒక ముసలామె, "గిది డాక్టరమ్మ చేతిరాత బిడ్డా, నేనియ్య" అని ఒడిలో పెట్టుకుని కూర్చుంది. ఇవ్వకపోతే మందు ఆపేస్తామని చెప్పి తీసుకున్నాను. ఆమె నా ముఖం చూడలేదు.

తొమ్మిది మంది మాత్రం కార్డు పోయిందని ఇవ్వలేదు, వాళ్లలో బీరమ్మ ఒకతె. నీకు గుర్తుండే ఉంటుంది, బంట్వారం పిల్ల, నాలుగేళ్ల కింద వికారాబాద్‌లో నయమై పోయింది. ఇప్పుడు మొగుడు మొగులప్పతో ఇక్కడ బండల గనిలో పని చేస్తోంది. ఇద్దరు పిల్లలు. "కార్డు యాడనో వోయింది సారు" అంది. గని దగ్గర పదిమందిలో ఆమెను చెడామడా తిట్టాను. ప్రాణం నిలిపిన కాగితం పోగొట్టుకుంటావా, మళ్లీ దగ్గొస్తే మా గడప తొక్కకు అన్నాను. తల వంచుకుని నిలబడింది. 'పోగొట్టుకుంది' అని రిజిస్టరులో రాసుకున్నాను.

నా కార్డు కూడా ట్రంకులో వేశాను. చదివాను అనుకునేవు, చదవలేదు. ఆ మొదటి నెలంతా జ్వరంలో నాకు ఒళ్లు తెలియదు. నా ముఖం ఉబ్బిపోయి ఊపిరి ఆడకపోతే డాక్టరమ్మ ఒక మందు ఆపించిందని తర్వాత నువ్వు చెబితేనే తెలిసింది. ఏ మందని నేను అడగలేదు, నువ్వు చెప్పలేదు. మందులిచ్చే ఉద్యోగం చేస్తూ ఇదేం పిరికితనం అంటావేమో. ఆ నెల గురించి చదవడం ఇప్పటికీ నా వల్ల కాదు. అది నీ దగ్గరే ఉండనీ.

ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. మూడూ ఒక్కచోటే ఉండేటప్పుడు మూడు రాయడం ఎందుకు? ఒకటి చాలదా? అసలు నీకు కార్డులే ఎందుకు, మూడు వందల నలభై మంది జాతకాలు నీకు నోటికొచ్చు. వార్డులో అందరి బరువులూ గుక్క తిప్పుకోకుండా చెప్పి నర్సమ్మతో చీవాట్లు తిన్నవాడివి.

వదినకు సలాం చెప్పు.

యూసుఫ్


వికారాబాద్,
8 మార్చి 1975

తమ్ముడు యూసుఫ్‌కు,

బరువు యాభై అయిదు. దగ్గు లేదు. పద్మమ్మ జొన్నరొట్టెల మహిమ.

ట్రంకు అందింది. ఒక్క కార్డు తక్కువ లేదు, నువ్వు పోయాయని రాసుకున్న ఆ తొమ్మిది తప్ప. వాటిని మిగతా రెండింటిలోంచి నేనే మళ్లీ ఎక్కించి మూడేసి చేశాను.

నీ ప్రశ్నకు జవాబు. తనిఖీ ఫారంలో 'ప్రతులు ఎన్ని' అని ఒక గడి ఉంటుంది. అందులో మూడు అని వేయాలి. అందుకే మూడు. నవ్వకు.

అల్మారా చూస్తే నీకు కన్ను కుడుతుంది. నిలువెత్తు చెక్కది, మూడు అరలు. పై అరలో ఇక్కడివి, నడిమి అరలో శాఖవి, కింది అరలో రోగులవి. జాగా కలిసొస్తుందని వెనక గోడకు ఆనించి పెట్టించారు. కింద పరిచినవి మీ తాండూరు బండలే. తలుపు తెరిస్తే వరసలు వరసలుగా అంచులన్నీ ఒక్క తీరుగా కనిపిస్తాయి. తాళంచెవి నా మొలతాడుకు ఉంది. నువ్వు ఒక పోస్టుకార్డు ముక్క రాసి అడుగు, మర్నాడు పాసింజరులో నీకు జవాబు వస్తుంది.

డాక్టరమ్మ ఉంటే మెచ్చుకునేది అనిపిస్తుంది ఒకోసారి. ఒకోసారి మెచ్చుకోదనిపిస్తుంది.

పాండురంగం


వికారాబాద్,
24 ఆగస్టు 1975

తమ్ముడు యూసుఫ్‌కు,

నీ ఉత్తరాలు రెండూ అందాయి. జవాబు రాయలేకపోయాను, పని ఎక్కువైంది. వానలు బాగా పడ్డాయి.

నాకొక సాయం కావాలి. మీ శాఖ రోగుల్లో నీకు గుర్తున్నవాళ్లవి, ఎవరికి ఏ మందు పడలేదో, ఎవరికి ఎప్పుడు మార్చారో, ఒక కాగితం మీద రాసి పంపు. సెప్టెంబరులో తనిఖీ ఉంది. సరిచూసుకోవడానికి అంతే. ఈ సంగతి ఎవరితోనూ అనవద్దు, సెక్రటరీ గారికి నా పని మీద అనుమానం వస్తుంది.

తొందరగా పంపు.

పాండురంగం


తాండూరు,
30 ఆగస్టు 1975

పాండన్నకు సలాం.

బరువు యాభై మూడు. దగ్గు లేదు. నువ్వు నీ బరువు రాయలేదు. ఇన్నేళ్లలో ఇదే మొదటిసారి. ఒంట్లో బాగుందా? నా దగ్గర దాచకు, ఇద్దరం ఒకే బేసిన్‌లో ఉమ్మినవాళ్లం.

సరిచూసుకోవడానికి నీ దగ్గర మూడేసి ఉన్నాయి కదా, నా గుర్తు నీకెందుకు అని కాసేపు ఆలోచించాను. పెద్దవాడివి, అడిగావు, రాశాను. పదకొండు మందివి మాత్రం నిక్కంగా తెలుసు, ఇందులో పెట్టాను. మిగతావాళ్ల సంగతి ట్రంకు పంపిన రోజే బుర్రలోంచి కూడా పంపేశాను. నీ అల్మారా ఉందన్న ధైర్యంతో నేను ఏదీ గుర్తు పెట్టుకోవడం మానేశాను అన్నా. ఇది మంచి అలవాటేనా?

యూసుఫ్


వికారాబాద్,
21 సెప్టెంబరు 1975

తమ్ముడు యూసుఫ్‌కు,

బరువు యాభై రెండు. ఫికర్ చేయకు, వానాకాలం నీరసం.

తనిఖీ అయిపోయింది. యాభై పేర్లు వాళ్లే ఎంచి, మూడు అరల్లోంచి తీయించి పక్కపక్కన పెట్టుకుని చూశారు. ఎక్కడా ఒక్క అక్షరం తేడా లేదు. 'ఆదర్శప్రాయం' అని పుస్తకంలో రాసి వెళ్లారు. సెక్రటరీ గారు అందరి ముందూ నా భుజం తట్టారు.

పాండురంగం


తాండూరు,
6 అక్టోబరు 1975

పాండన్నకు సలాం.

బరువు యాభై రెండున్నర. దగ్గు లేదు.

ఇది తొందర పని. గనిలో పని చేసే బీరమ్మ మళ్లీ వచ్చింది. మూడు వారాల నుంచి దగ్గు, నిన్న రక్తం పడింది. పోయినసారి నేను తిట్టిన తిట్లకు జడిసి ఇన్నాళ్లూ రాలేదని మొగుడు చెప్పాడు. సిగ్గుపడ్డాను. పదిహేను రోజులకోసారి వచ్చే డాక్టరు గారు చూసి, కార్డు ప్రకారం మొదలుపెట్టమని చెప్పి వెళ్లారు.

అడిగితే ఆమె ఏమందంటే, "పోయినసారి ఒక మందు నాకు పడలె సారు. ఒళ్లంత దద్దుర్లు లేశి నోట్ల పుండ్లయినయి. సూదో గోలీనో ఎర్కలేదు. రెండూ ఒక్కదినమే షురువు జేశిండ్రు. డాక్టరమ్మ ఒకటి ఆపింది." చెప్పేటప్పుడు కొంగు ముడి పట్టుకుని నలుపుతూ ఇంకేదో చెప్పబోయింది. నా చుట్టూ జనం ఉన్నారు, తొందరపెట్టాను. ఏమీ లేదు సారు అని వెళ్లిపోయింది.

ఆపింది సూదిమందా, తెల్ల మాత్రా? అల్మారా తెరిచి చూసి ఈ ఉత్తరానికి వెంటనే జవాబు రాయి. నీ జవాబు వచ్చేదాకా ఆమెకు ఏదీ ఇవ్వను.

యూసుఫ్


వికారాబాద్,
8 అక్టోబరు 1975

తమ్ముడు యూసుఫ్‌కు,

బీరమ్మ, బంట్వారం. కార్డు చూశాను. మూడూ చూశాను. ఆమెకు పడనిది సూదిమందు. అది ఇవ్వవద్దు. తెల్ల మాత్ర ఇవ్వవచ్చు, ఏ ఇబ్బందీ లేదు.

నాకు మనిషి కూడా గుర్తుంది, ఎడమ చెవి రుద్దుకుంటూ నిలబడేది.

పాండురంగం


తాండూరు,
27 అక్టోబరు 1975

పాండన్నకు,

బీరమ్మ చచ్చిపోయింది.

తొమ్మిదో తారీఖున నీ ఉత్తరం అందింది. ఆ రోజే తెల్ల మాత్ర మొదలుపెట్టాను. నా చేత్తో ఇచ్చి, నా ముందే మింగించాను. ఆరో రోజు కళ్లు ఎర్రబడ్డాయంది, దుమ్ము అనుకున్నాను. ఎనిమిదో రోజు మొగులప్ప భుజాన వేసుకుని తెచ్చాడు. పెదాలు పగిలి, ఒళ్లంతా బొబ్బలు లేచి, చర్మం పట్టుకుంటే చేతికి వస్తోంది. మాత్ర ఆపి పట్నం తీసుకుపోయాం. ఇరవై మూడున పోయింది. ఆఖరి రోజు కళ్లు తెరవలేదు. నొప్పికి అరవడానికి కూడా నోరు లేదు ఆమెకు. నేను ఇన్ని చావులు చూశాను, ఇలాంటిది చూడలేదు.

పట్నం డాక్టరు నన్ను పక్కకు పిలిచి, ఈ మందు ఇంతకు ముందు ఎప్పుడైనా వాడారా అని అడిగాడు. వాడి ఉంటే, పడక ఉంటే, రెండోసారి ఇవ్వడం అంటే చంపడమే అన్నాడు. కార్డులో మాత్ర పడుతుందని ఉందని చెప్పాను. అయితే ఆ కార్డు చూపించు అన్నాడు.

కార్డు పంపు అన్నా. డాక్టరమ్మ రాసిన అసలుది కావాలి. ఆమె ఎన్నడూ తప్పు రాయదు, మరి ఇది ఎలా జరిగిందో నాకు తెలియాలి. మొగులప్ప చిన్న పిల్లను ఎత్తుకుని మా వరండాలో కూర్చుంటున్నాడు, రోజూ.

యూసుఫ్


వికారాబాద్,
1 నవంబరు 1975

తమ్ముడు యూసుఫ్‌కు,

నీ ఉత్తరం చదివి అన్నం తినలేదు. నువ్వు ధైర్యంగా ఉండు. ఇందులో నీ తప్పు ఏమీ లేదు, ఒట్టేసి చెబుతున్నాను. మందులు ఒకోసారి అలా తిరగబడతాయి. గనిలో ఏ విషపు పురుగు కుట్టిందో ఎవరికి తెలుసు.

కార్డు ఇందులో పెట్టాను. చూపించి తిరిగి పంపు.

పాండురంగం


తాండూరు,
9 నవంబరు 1975

పాండురంగం గారికి,

మీరు పంపిన కార్డు నా బల్ల మీద ఉంది. దాని పక్కన ఇంకో కార్డు ఉంది. రెండూ బీరమ్మవే.

మీరు పంపినదాని మీద తారీఖు 1971 మార్చి. పైన అచ్చు వేసిన సంఘం చిరునామా మాత్రం ఈ ఏడాది కొత్తగా వేయించింది. నాలుగేళ్ల కిందటి కార్డుకు ఈ ఏటి అచ్చు ఎలా వచ్చిందో మీరే చెప్పాలి.

రెండో కార్డు నిన్న మొగులప్ప తెచ్చాడు. మడతల్లో చిరిగింది, పసుపు మరకలున్నాయి. అడ్డంగా డాక్టరమ్మ చేత్తో, ఎర్ర సిరాతో: 'తెల్ల మాత్ర పడదు. ఎన్నడూ ఇవ్వవద్దు.' కింద రెండు గీతలు.

మొగులప్ప చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. "ఆమె పారేయలె సారు. కందుల డబ్బల అడుగున దాశింది. డాక్టరమ్మ ఎవలకియ్యద్దన్నదట. మీరు అడిగిననాడు లేదని అబద్ధమాడింది, మల్ల జూపిస్తే ఆ అబద్ధం బయటవడి మందు ఆపుతరని భయపడ్డది. మొన్న దగ్గుకు మీ తానికి వచ్చినప్పుడు కొంగుల కట్టుకొనే వచ్చింది. జూపిద్దునా వద్దా అనుకుంట అట్లనే ఇంటికి తెచ్చింది."

నేను కొంగు ముడి చూశాను. నా ముందే, మూరెడు దూరంలో, దాన్ని నలుపుతూ నిలబడింది. ఆమె ప్రాణం ఆ ముడిలో ఉంది, దాన్ని విప్పకుండా చేసింది నేను.

మీ అల్మారాలో ఏముంది?

యూసుఫ్


వికారాబాద్,
14 నవంబరు 1975

యూసుఫ్,

అల్మారాలో చెదలు.

జూలై ఆఖరి వారంలో నాలుగు రోజులు వాన వదలకుండా పడింది. అయిదో రోజు దోమ నుంచి ఒకరి కార్డు కావలసి వచ్చి తలుపు తీశాను. వరసలు ఎప్పటిలాగే చక్కగా ఉన్నాయి. ఒకటి పట్టుకుని లాగితే అంచు ఒక్కటే చేతికి వచ్చింది. వెనక అంతా మట్టి. బండల సందుల్లోంచి పైకి వచ్చి, గోడ పట్టుకుని, అల్మారా వెనక చెక్కలోంచి కింది అరలోకి, అక్కడి నుంచి నడిమి అరలోకి, పై అరలోకి పోయాయి. నాకు కనిపించే వైపు మాత్రం వదిలేశాయి. మూడు అరలకూ వెనక ఒకటే చెక్క. ఆ సంగతి నేను ఎన్నడూ ఆలోచించలేదు. ఇక్కడ పోతే తాండూరులో ఉండేది, తాండూరులో పోతే రోగి ఇంట్లో ఉండేది. అన్నీ తెచ్చి నేనే ఒక్క పుట్టకు మేత వేశాను.

మూడు వందల నలభై మందిలో యాభై తొమ్మిది మందివి పై అరలో ఒక మూల మిగిలాయి. రెండు వందల ఎనభై ఒక్క మందివి పోయాయి.

ఎవరికీ చెప్పలేదు. చెబితే ఉద్యోగం పోతుంది. చెడిన ఊపిరితిత్తులవాడికి ఈ చుట్టుపక్కల ఇంకెవరు పని ఇస్తారు? అది ఒక కారణం. రెండోది రాయడానికి సిగ్గుగా ఉంది. నాకు అన్నీ నోటికొచ్చు అనుకున్నాను. నువ్వూ అదే అన్నావు, అందరూ అన్నారు. ఆదివారాలు గది తలుపు వేసుకుని రెండు వందల ఎనభై ఒక్క మందివి మూడేసి చొప్పున మళ్లీ రాశాను. చెయ్యి ఎక్కడా ఆగలేదు. అనుమానం వస్తే ఆగేవాణ్ణేమో. రాలేదు.

నువ్వు బీరమ్మ గురించి అడిగిన రోజు మూడు కార్డులూ తీసి చూశాను, నిజమే. మూడూ ఒకే మాట చెప్పాయి. మూడూ నా నోటితో చెప్పాయి. చెవి రుద్దుకునే మనిషి, సూదిమందు పడని మనిషి, దోమ నుంచి వచ్చే అష్రఫున్నీసా అని నీ ఉత్తరం చూశాక తెలిసింది. బీరమ్మ ముఖం నాకు అసలు గుర్తే లేదు.

నిన్న సెక్రటరీ గారికి అంతా చెప్పాను. ఆయన లేచి తలుపు వేసి వచ్చారు. తర్వాత, కమిటీ కూర్చునేదాకా బయటికి పొక్కనీయవద్దు, తనిఖీవాళ్లు 'ఆదర్శప్రాయం' అని రాసి రెండు నెలలు కాలేదు అన్నారు. కమిటీ జనవరిలో.

నువ్వు జనవరిదాకా ఆగవద్దు. రెండు వందల ఎనభై ఒక్క పేర్లూ ఇందులో పెట్టాను. పేర్లు, ఊళ్లు మాత్రమే. వాటి పక్కన ఇంకేమీ రాయలేదు.

పాండురంగం


తాండూరు,
20 డిసెంబరు 1975

పాండన్నకు,

అన్నా అనకూడదని నెల రోజులు అనుకున్నాను. వేరే పిలుపు రాలేదు.

నీ లిస్టు పట్టుకుని మళ్లీ ఊళ్లన్నీ తిరిగాను. ఫిబ్రవరిలో వెళ్లిన ఇళ్లకే వెళ్లాను. అప్పుడు ఇవ్వమని బెదిరించాను, ఇప్పుడు దాచుకున్నారా అని బతిమాలాను. "ఆనాడే మీకిస్తిమి గద సారు" అన్నారు. దోమ ముసలామె నన్ను చూసి తలుపు వేసుకుంది. ఎనభై మంది దాకా పనుల కోసం బొంబాయి, షోలాపూర్ పోయారు. వాళ్లకు దగ్గు వస్తే అక్కడివాళ్లు ఇక్కడికి రాసి అడుగుతారు. అడిగితే ఏం చెబుతామో నాకు తెలియదు.

ఏడు కార్డులు దొరికాయి. నాకు అబద్ధం చెప్పినవాళ్లు ఏడుగురు. గోడ సందులో ఒకటి, పీర్ల కొట్టంలో చాంద్ అనే నెలవంక గుర్తు కింద ఒకటి, పెళ్లినాటి ట్రంకులో ఒకటి. ఆ ఏడింటినీ, నీ దగ్గర్నుంచి తెప్పించిన నీ రాతలతో పోల్చి చూశాను. నాలుగు సరిగ్గా ఉన్నాయి. మూడు తప్పు. ఆ ముగ్గురిలో ఒకామె నీ కార్డు ప్రకారం వచ్చే వారం మందు మొదలుపెట్టవలసింది.

ఏడింటికీ నకళ్లు రాసి ఒకటి వాళ్లకే ఇచ్చాను, ఒకటి కొడంగల్ పోస్టుమాస్టరు నర్సింహులు దగ్గర పెట్టాను, ఒకటి నా దగ్గర ఉంది. ఎవరి ఆర్డరూ అడగలేదు. మొగులప్పకు అంతా చెప్పాను, నీ సంగతి, నా సంగతి. విని, "ఇద్దరు జదువుకున్నోళ్లే గద సారు" అన్నాడు. మర్నాటి నుంచి వరండాలో కూర్చోవడం మానేశాడు.

ఇక నా మాట.

బరువు నలభై ఎనిమిది. దగ్గు ఉంది. నవంబరు నుంచి ఉంది, తిరుగుడు వల్ల అనుకున్నాను. పోయిన మంగళవారం కఫం పరీక్షలో తేలింది. వెంటనే మందు మొదలుపెట్టాలి, పాత కార్డు తెమ్మన్నారు డాక్టరు గారు. లేదంటే ఒక్కో మందు కొంచెం కొంచెం వేసి చూస్తామన్నారు. అందులో ఒకటి నాకు ఊపిరి ఆడకుండా చేసింది. వేసి చూడడం అంటే ఏమిటో బీరమ్మను చూశాక నాకు తెలుసు.

నా కార్డు యాభై తొమ్మిదిలో ఉందా, రెండు వందల ఎనభై ఒకటిలో ఉందా? లిస్టులో నా పేరు లేదు. నువ్వు మరిచిపోయావా, రాయలేకపోయావా?

నాకు ఏ మందు పడలేదో నీకు గుర్తుందా అన్నా?

యూసుఫ్


వికారాబాద్,
22 డిసెంబరు 1975

తమ్ముడు యూసుఫ్‌కు,

బరువు నలభై ఏడు. దగ్గు లేదు. నీకుండి నాకు లేకపోవడం నాకు బాగాలేదు.

లిస్టులో ఉన్నవి రెండు వందల ఎనభై పేర్లే, నీ పేరు రాయలేకపోయాను. నీది పోయింది. ఆ ఆదివారాల్లో నేను అన్నింటికంటే ముందు రాసింది నీ కార్డే. తొమ్మిది నెలలు నీ పక్క మంచం మీద పడుకున్నవాణ్ణి, ఇదొక్కటైనా తప్పు పోదని ధైర్యంగా రాశాను. నీకు సూదిమందు పడదు అని రాసి ఉంది, మూడింటి మీదా.

ఈ ఉత్తరం రాసే ముందు కళ్లు మూసుకుని కూర్చున్నాను. నీ ముఖం ఉబ్బిన రోజు కనిపిస్తోంది. పొద్దున పది గంటలు. డాక్టరమ్మ కిటికీ పక్కన నిలబడి ఎర్ర సిరా పెన్ను మూత పళ్లతో తీసింది. నీ చెయ్యి నేను పట్టుకున్నాను. పక్కన సూది ట్రే ఉంది, అందులో విరగ్గొట్టిన సీసా ఉంది. అంతా కనిపిస్తోంది తమ్ముడూ, నిన్న జరిగినట్టు.

బీరమ్మ కూడా అలాగే కనిపించింది.

రేపటి పాసింజరులో వస్తున్నాను. డాక్టరు గారు ఏ మందు వేసి చూసినా నీ పక్కనే ఉంటాను, ఊపిరి తేడా వస్తే ఆపించడానికి. అంతకంటే నా దగ్గర ఏమీ లేదు. నేను ఏం చెప్పినా నమ్మవద్దని డాక్టరు గారికి నువ్వే చెప్పు.

నాకు గుర్తు లేదు.

పాండురంగం